మాటలు లేని తెలుగు

దసరా సెలవుల్లో మా మామ ఫోన్‌లో ఒక పాత రికార్డు వినిపించాడు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్. వాయించింది త్యాగరాజ కీర్తన. పాడేవాళ్లు ఎవరూ లేరు. వయొలిన్, వెనుక మృదంగం, అంతే. మా నాందేడ్‌లో గురుద్వారాలో కీర్తన్, గుళ్లలో మరాఠీ అభంగాలు వింటూనే పెరిగాం. వాటిలో హార్మోనియం, తబలా ఉన్నా ముందు నడిచేది పాడే గొంతే. అందుకే గొంతు లేని పాట నాకు కొత్తగా అనిపించింది.

నాయుడు గారు 1893లో బెంగళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగారు. చిన్నప్పటి నుంచి చూపు తక్కువ. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుందామని వెళితే, ఆయన వాయించింది విని విద్యార్థిగా కాదు, ఆచార్యుడిగానే తీసుకున్నారని చెబుతారు. 1936లో ఆదిభట్ల నారాయణదాసు గారి తర్వాత అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ రోజుల్లో వయొలిన్ అంటే పక్కవాద్యం. గాయకుడు ఎటు పోతే అటు పోవాలి. నాయుడు గారు 1938లో వెల్లూరులో వయొలిన్‌నే ముందు పెట్టి సోలో కచేరీ చేశారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ అందుకున్నారు.

ఇక రికార్డు సంగతి. కమాను పొడుగ్గా, మెత్తగా లాగుతారు. నాదం ఎక్కడా గీసుకుపోదు. వేగంగా వాయించినా ఏ స్వరానికి ఆ స్వరం విడిగా వినిపిస్తుంది. తొందర లేదు, గొప్ప చూపించుకోవడం లేదు. లోపాలూ ఉన్నాయి. గరగరమనే చప్పుడులో మృదంగం సరిగ్గా వినపడదు. పాత గ్రామఫోన్ ప్లేటులో ఒక వైపు మూడు నిమిషాలే పట్టేది కాబట్టి, రాగం మనసుకు ఎక్కేలోపే అయిపోతుంది. పెద్ద విందులో ఒక్క ముద్ద తిని లేచినట్టే.

మా పక్కింటి మరాఠీ స్నేహితుడికి వినిపిస్తే, "చాలా బాగుంది, మాటలు లేవు కాబట్టి నాకూ అర్థమైంది" అన్నాడు. నాకు సంతోషమూ వేసింది, కొంచెం కష్టంగానూ అనిపించింది. మాటలు అక్కర్లేకపోతే ఇందులో తెలుగు ఎక్కడుంది? మనం తెలుగు మీడియంలో ఎందుకు చదువుతున్నామని అందరూ అడిగే ప్రశ్నే ఇది కూడా.

జవాబు మా నాయినమ్మ దగ్గర దొరికింది. ఆమె భజనలో ఆ కీర్తన పాడేది. రికార్డు మొదలవగానే వయొలిన్‌తో కలిసి మెల్లగా పాడసాగింది. "మాటలు లేవంటవేంది బిడ్డా? గదో, చెప్తనే ఉన్నడు గదా" అంది. అప్పుడు గమనించాను. మాటలో అక్షరం మారిన చోటే కమానూ మారుతోంది. సాగదీసే అక్షరం దగ్గర కమానూ సాగుతోంది. నాయుడు గారు సాహిత్యాన్ని వదిలిపెట్టలేదు, వేళ్లతో పలికారు.

మా స్నేహితుడు రాగం విన్నాడు, అది తక్కువేమీ కాదు. నాయినమ్మ రాగమూ విన్నది, మాటా విన్నది. తెలుగు చదివే నేను మాత్రం సగమే విన్నాను, ఎందుకంటే నాకు కీర్తన రాదు. ఆ లోపం వయొలిన్‌ది కాదు, నాది.

ఇప్పుడు నాయినమ్మ దగ్గర పల్లవి నేర్చుకున్నాను. చరణం ఇంకా రాలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇలాంటి రికార్డు ఒకటి వాళ్ల పక్కన కూర్చుని వినండి.