పెంచిన చిత్రములో పెరిగినదేమి?

ఛాయాచిత్రములను సరిదిద్దు సాఫ్టువేరులు “నాణ్యత తగ్గకుండ పెద్దది చేయుదు”మని చెప్పుచుండును. ఈ మాటను పరీక్షించుటకు మన గుంటూరు, ప్రకాశం మిరప చేలు చాలును.

2021లో మిరప పూతను పాడుచేసిన నల్ల తామర పురుగు పొడవు సుమారు 1 మిల్లీమీటరు. దీని ఆడది ముదురు గోధుమ రంగు, మగది పసుపు పచ్చన. మనకు చిరకాలముగ తెలిసిన మిరప తామర పురుగును పసుపు పచ్చనిదే. కావున రంగు చాలదు. స్పర్శశృంగముల కణుపులను, వక్షము మీది నూగును సూక్ష్మదర్శినితో చూడవలెను.

రైతు 10 సెంటీమీటర్ల రెమ్మను ఫోనుతో తీసి పంపెననియు, చేరిన చిత్రపు వెడల్పు 1600 పిక్సెళ్ళనియు అనుకొందము. పురుగు పొడవునకు దక్కినవి 16 పిక్సెళ్ళు. నూగు మందము ఒక పిక్సెలులో పదోవంతైన నుండదు. దీనిని నాలుగింతలు పెంచినచో ప్రతి 16 పిక్సెళ్ళలో 15 లెక్కవలన పుట్టినవే. బైలీనియర్ పద్ధతి చుట్టునున్న 4 పిక్సెళ్ళను, బైక్యూబిక్ పద్ధతి 16 పిక్సెళ్ళను చూచి నడుమ విలువను కట్టును. రాబర్ట్ కీస్ 1981లో ప్రకటించిన ఘన సూత్రము ఇట్టిదే. ఈ పద్ధతులలో చిత్రము మసకబారును. నా దృష్టిలో అది దోషము కాదు, నిజాయితీ.

2021లో అడోబీ సంస్థ తెచ్చిన ‘సూపర్ రిజల్యూషన్’ వంటివి వేరు. లెక్కలేనన్ని చిత్రములతో శిక్షణ పొంది, ఇట్టిచోట సాధారణముగ ఏముండునో ఊహించి పూరించును. పెండ్లి ఫొటోకు, యార్డు ముందు కట్టు ఫ్లెక్సీకి ఇది మేలే. (ఫ్లెక్సీని దూరమునుండి చూతుము గనుక, అక్కడ పాత పద్ధతియు సరిపోవును!) కాని 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయమువారి ‘పల్స్’ అను పద్ధతికి ఒబామా మసక చిత్రమునీయగా, తీర్చి దిద్దినట్టి ఒక తెల్లవాని ముఖము వచ్చినది. పురుగునకు లేని నూగును మొలిపించుట అంతకంటె కష్టమా? ఆ నూగును నమ్మి మందు కొట్టిన రైతు ఖర్చు ఎవరిది?

ఫోటోషాప్‌లో ఒక పద్ధతికి ‘వివరములను కాపాడు’ అని అర్థమిచ్చు పేరున్నది. కెమెరాకు అందని వివరమును కాపాడుటెట్లు? కొలిచిన పిక్సెలేదో, కల్పించినదేదో గుర్తించి చూపనంతవరకు ఆ పేరు నాకు సమ్మతము కాదు. రైతు పురుగునే ఆల్కహాలు సీసాలో వేసి లాం పరిశోధనా స్థానమునకు చేర్చుట మేలు.

ఉపాధ్యాయులు తరగతిలో దీనిని చూపవచ్చును. ఒక మంచి చిత్రమును నాలుగోవంతునకు తగ్గించి, మరల పెంచి, ఉచితముగ దొరకు గింప్‌లో అసలు చిత్రముపై పొరగా నుంచి ‘డిఫరెన్స్’ నొక్కుడు. రెండును ఒకటైనచోట నలుపు కనబడును. ఆకు అంచులలో, ఈనెలలో వెలుగు గీతలు మిగులును.