వేలు ఆగాల్సిన చోటు

నొప్పి అని వచ్చిన మోకాలిని థాయ్‌లాండ్ సంప్రదాయ వైద్యుడు వెంటనే పిసకడు. ముందు చేతి వెనకవైపు ఆనించి వేడి చూస్తాడు. రెండు మోకాళ్లనూ పక్కపక్కన పెట్టి వాపు పోల్చుకుంటాడు. ఎర్రగా, వేడిగా, నీరు పట్టి ఉంటే అది 'చప్ పోంగ్ నామ్', అంటే నీటి మోకాలు. వేడీ వాపూ లేకుండా బిగుసుకుపోయి, వంచినప్పుడల్లా కరకరమంటుంటే 'చప్ పోంగ్ హేంగ్', ఎండు మోకాలు. మన ఎముకల డాక్టర్లు కీలు అరిగిందనేది ఈ రెండోదానికి దగ్గరగా ఉంటుంది. ఎండు మోకాలికి తొడ కండరాల నుంచి పిక్క దాకా మర్దన చేసి, వేడి కాపడం పెడతారు. నీటి మోకాలి జోలికి అంత చొరవగా వెళ్లరు. కీలును గట్టిగా నొక్కరు, వేడి తగలనివ్వరు, చలవ చేసే ఆకుల పట్టు వేసి వాపు తీసేదాకా ఆగుతారు.

హైదరాబాదులో 'థాయ్ మసాజ్' బోర్డు చూస్తే మనవాళ్లకు గుర్తొచ్చేది ఇది కాదు. మసక దీపాలు, సువాసన నూనెలు, అప్పుడప్పుడూ పేపర్లో పడే పోలీసు దాడుల వార్తలు. అసలు 'నువాద్ థాయ్' అనే ఈ మర్దనలో నూనే వాడరు. రోగి వదులైన బట్టలు కట్టుకుని నేలమీద పరుపుపై పడుకుంటాడు. 2019లో యునెస్కో దీన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకన్నా పెద్ద మాట ఒకటుంది. థాయ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది వైద్యంగానే అందుతుంది, అక్కడి సార్వత్రిక ఆరోగ్య పథకం ఖర్చు భరిస్తుంది. భుజం పట్టేసిన రైతు వెళ్లి చేయించుకుని రావచ్చు.

థాయ్ మర్దనకారులు తమ ఆదిగురువుగా కొలిచేది మన రాజగృహంలో బుద్ధుడికి వైద్యం చేసిన జీవకుణ్ణి. 'శివగ కొమరపజ్' అని పిలుచుకుంటారు. పని మొదలుపెట్టే ముందు చేతులు జోడించి ఆయన్ను తలుచుకుంటారు. జీవకుడు సయాం దాకా, అంటే నాటి థాయ్‌లాండ్ దాకా, వెళ్లాడని ఏ చరిత్రా చెప్పదు. వెళ్లింది బౌద్ధం, దాని వెంట వైద్యం. అక్కడి జనానికి అప్పటికే తెలిసిన నొక్కుడూ తొక్కుడూ దానితో కలిసిపోయి ఉంటాయి.

తొక్కుడు అన్నది ఊరికే అనలేదు. 1687లో ఫ్రెంచి రాజు పదునాలుగో లూయీ రాయబారిగా సయాం వెళ్లిన సిమోన్ ద లా లూబేర్, జబ్బు చేస్తే అక్కడివాళ్లు నేర్పరిని పిలిచి ఒంటిమీద ఎక్కించుకుని కాళ్లతో తొక్కించుకుంటారని ఆశ్చర్యపోతూ రాశాడు. మన పల్లెల్లో ఆ దొరగారు ఓ సాయంత్రం గడిపి ఉంటే అంత ఆశ్చర్యపోయేవాడు కాదు. పొలం నుంచి వచ్చిన తాత బోర్లా పడుకుని "నడుం తొక్కరా" అంటే, గోడ పట్టుకుని వీపెక్కని మనవడు ఎవడు?

1767లో బర్మా సైన్యం అప్పటి సయాం రాజధాని అయుత్తయను తగలబెట్టినప్పుడు వైద్య గ్రంథాలు చాలా పోయాయి. తాళపత్రాలనూ కాగితాలనూ నమ్ముకుంటే మళ్లీ అదే గతి అనుకున్నాడో ఏమో, మూడో రామా రాజు 1832 నుంచి బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయాన్ని బాగుచేయిస్తూ వైద్యాన్ని రాతికెక్కించాడు. 46 మీటర్ల శయన బుద్ధుణ్ణి చూడ్డానికి వెళ్లే మనవాళ్లు ఆ మంటపాల గోడలను దాటుకుంటూ పోతారు. మనిషి బొమ్మ ముందువైపు, వెనకవైపు, ఒళ్లంతా గీతలు, గీతల మీద చుక్కలు, పక్కన ఏ చుక్క నొక్కితే ఏ బాధ తగ్గుతుందో వివరం. బయట రాళ్ల గుట్టల మీద ఆసనాలు వేస్తున్న ఋషుల విగ్రహాలు. నొప్పులు తీసే భంగిమలవి, ఎవరికి వారు చేసుకోవడానికి. చదువొచ్చిన ఎవరైనా నిలబడి చదువుకోవచ్చు. గురువు దాచుకున్న విద్యను గోడకెక్కించడం ఆ కాలానికి చిన్న సంగతి కాదు. 1955లో అదే ఆవరణలో సంప్రదాయ వైద్య పాఠశాల మొదలైంది.

ఆ గీతలే 'సెన్'. ముఖ్యమైనవి పది, అన్నీ బొడ్డు చుట్టూ పుడతాయంటారు. మొదటి మూడింటి పేర్లు ఇథా, పింగఖలా, సుమనా. యోగం ఊసు తెలిసిన తెలుగువాడికి ఇడా పింగళా సుషుమ్నలు వెంటనే తడతాయి. శరీరం కోసి చూస్తే ఈ దారులు కనబడవు. వాటిలో గాలి ప్రవహిస్తుందన్నది నమ్మకమే. కానీ ఆ దారుల వెంట వందల ఏళ్లు వేళ్లు తిరిగాయి. ఎక్కడ కండరం ముడి కడుతుందో, ఆ ముడి నొక్కితే నొప్పి ఎక్కడ పలుకుతుందో ఆ వేళ్లకు తెలిసింది. మెడా భుజమూ కలిసే చోట నొక్కితే కణతలో నొప్పి తెలియడం ఇవాళ ఏ ఫిజియోథెరపిస్టయినా ఒప్పుకునేదే. కంప్యూటర్ ముందు కూర్చునే మెడనొప్పిని అక్కడ 'ఆఫీస్ సిండ్రోమ్' అంటారు. ఆ రోగులే ఇప్పుడు ఎక్కువ.

మర్దనలో రెండు బాణీలున్నాయి. జనం బాణీలో మోచేయి, మోకాలు, పాదం అన్నీ పనికొస్తాయి, చేతులు లాగుతారు, నడుము మెలితిప్పుతారు. పర్యాటకులు ఫొటోలు తీసుకునేది దీన్నే. రాజాస్థానం బాణీ వేరు. రాజు ఒంటిమీద కాలు వేసేవాడెవడు? అందుకని వైద్యుడు దూరం నుంచి మోకాళ్లమీద నడిచి వచ్చి, నమస్కరించి, మణికట్టు దగ్గరా పాదం మీదా నాడి చూసి, చేతులు మాత్రమే వాడాలి. మోచేతులు వంచకుండా బొటనవేళ్లతో ఒంటి బరువును దించాలి. కీళ్లు విరవడం, మెలితిప్పడం నిషేధం. మర్యాద కోసం పుట్టిన కట్టుబాటే వైద్యానికి మేలు చేసిందని నాకనిపిస్తుంది. ఆసుపత్రుల్లో చికిత్సకు ఎక్కువగా నిలబడింది ఈ బాణీయే.

ఈ బాణీలో నొక్కుడుకు మూడు మెట్లు. మొదట తేలిగ్గా ఆనించి కండరానికి కబురు చెప్పాలి, తర్వాత బరువు పెంచాలి, ఆపైన కదలకుండా నిలపాలి. ఎంతసేపు? గడియారం లేదు, ఊపిరే కొలత. ఒక మామూలు శ్వాస చిన్న లెక్క, ఒక దీర్ఘ శ్వాస పెద్ద లెక్క. ఒక్కసారిగా పొడిస్తే కండరం ఎదురు తిరిగి ఇంకా బిగుస్తుంది. మన వీధుల్లో 'మాలిష్' పేరుతో దబదబా బాదించుకుని, మర్నాడు ఒళ్లు నలిగి లేచేవాళ్లు ఈ మూడు మెట్లూ ఎరగనివాళ్ల చేతిలో పడ్డారన్నమాట.

అన్నిటికన్నా ఒడుపు కావాల్సింది 'గాలి తలుపు తెరవడం'. గజ్జలో నాడి కొట్టుకునే చోట అరచేయి ఆనించి, కాసేపు నొక్కిపట్టి, మెల్లగా వదులుతారు. కాలువకు అడ్డం పెట్టిన పలక తీసినట్టు నెత్తురు కాలి చివరిదాకా వెచ్చగా పాకుతుంది. అక్కడున్నది తొడకు వెళ్లే పెద్ద ధమని. రక్తపోటు ఉన్నవాళ్లకూ, కాళ్లలో నరాలు ఉబ్బినవాళ్లకూ దీన్ని చెయ్యరు. వీడియో చూసి ఇంట్లో ప్రయత్నించే పని కాదు.

మర్దన తర్వాత 'లుక్ ప్రకోబ్' వస్తుంది. ప్లాయ్ అనే అల్లం జాతి దుంప, పసుపు, నిమ్మగడ్డి, గరుకు నిమ్మ తొక్క, చింతాకు, ఉప్పు, కర్పూరం దంచి గుడ్డలో మూటగట్టి, ఆవిరి పట్టి, నొప్పి మీద అద్దుతారు. వావిలాకు కాపడం, ఉప్పు మూట ఎరిగిన ఇళ్లకు ఇది కొత్తేమీ కాదు. షుగరు వల్ల పాదాలు తిమ్మిరెక్కినవాళ్లకు మాత్రం వేడి తెలియక చర్మం కాలుతుంది. మన ఇళ్లలో షుగరు లేని గడప తక్కువ కనుక ఈ మాట గట్టిగా చెప్పాలి.

ఇంతకీ దీనివల్ల నిజంగా జరిగేదేమిటి? 2012లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 11 మంది యువకులను అలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక కాలికే పది నిమిషాలు మర్దన చేయించి, రెండు తొడల నుంచీ కండరం ముక్కలు తీసి పరీక్షించారు. మర్దన చేసిన కాలిలో వాపుకు కారణమయ్యే సంకేతాలు తగ్గాయి. పేరుకున్న లాక్టిక్ ఆమ్లం మాత్రం ఏమీ తగ్గలేదు. మర్దన ఆ ఆమ్లాన్ని తీసేస్తుందని జిమ్ముల్లో అందరూ చెప్పే మాట అక్కడ నిలవలేదు. అమెరికా వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కొత్తగా పట్టిన నడుంనొప్పికి మాత్రలకన్నా ముందు ప్రయత్నించదగ్గవాటిలో మర్దననూ చేర్చాయి, ఆధారాలు బలహీనమేనని ఒప్పుకుంటూనే. అరిగిన మృదులాస్థి మర్దనతో తిరిగి పెరగదు. జారిన డిస్కును బొటనవేలు లోపలికి నెట్టలేదు. అలా నెడతామనేవాళ్ల దగ్గరి నుంచి లేచి వచ్చెయ్యడమే మంచిది.

థాయ్ వైద్యులు చెయ్యనని చెప్పే సందర్భాల పట్టీ పొడుగ్గానే ఉంటుంది. జ్వరం 38.5 డిగ్రీలు దాటితే లేదు. విరిగిన ఎముక దగ్గర లేదు. పిక్కలో నెత్తురు గడ్డకట్టిందన్న అనుమానం ఉంటే అస్సలు లేదు, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణమే పోతుంది. ఎముకలు గుల్లబారిన ముసలివాళ్లనూ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లనూ ముందే అడిగి తెలుసుకుంటారు.

చికిత్స ముగిశాక రోగిని ఊరికే పంపరు. ఇంట్లో చేసుకోవాల్సిన సాగదీత చూపించి, మెడలు, వేళ్లు విరుచుకోవద్దని చెప్పి, పథ్యం కూడా చెబుతారు. వెదురు కొమ్ములు, జంతువుల లోపలి భాగాలు, పులియబెట్టిన పదార్థాలు, మందూ బీరూ మానాలి. లోపలి భాగాలూ బీరూ గౌట్ ఉన్న కీళ్లకు పడవని ఇవాళ్టి డాక్టర్లూ అంటారు. వెదురు కొమ్ముల మీద వాళ్ల పట్టుదలను, మన ఇళ్లలో వంకాయ మీద పెట్టే ఆంక్షతో పాటే పక్కన పెట్టొచ్చు.