పేరులో ఒక వాక్యం

ప్రాచీన హీబ్రూ పేర్లలో చాలావాటిని విడదీస్తే చిన్న వాక్యాలు బయటపడతాయి. యోనాతానులో ‘యో’, అంటే ‘యెహో’, దేవుడి పేరు, ‘నాతాన్’ క్రియ. కలిపితే ‘యెహోవా ఇచ్చాడు’. దేవదత్తుడి లాంటిదే అనిపిస్తుంది గానీ, దేవదత్తుడు సమాసం, ఇది వాక్యం. ముక్కలు తారుమారు చేసినా అర్థం చెడదు: నెతన్యా అన్నా అదే. దేవుణ్ణి ‘ఏల్’ అంటే ఎల్నాతాను, నెతనేలు అవుతాయి. తెలుగు క్రైస్తవులకు పరిచయమైన యోహాను, హనన్యా కూడా ఇలాంటి జంటే. రెండింటిలోనూ ‘యెహోవా దయచూపాడు’ అన్న మాటే ఉంది. ‘అతడు రాజు’ అని తెలుగులో అన్నట్టు హీబ్రూలోనూ క్రియ లేకుండా వాక్యం నిలుస్తుంది. యోవేలు అంటే ‘యెహోవాయే దేవుడు’.

పేరులోని దేవుడు తర్వాతి తరాలకు నచ్చకపోతే చిక్కే. ఇశ్రాయేలు రాజు సౌలు కొడుకు దినవృత్తాంతముల గ్రంథంలో ఎష్బయలు, అంటే ‘బయలు మనిషి’. బయలు కనానీయుల దేవుడు. సమూయేలు రెండో గ్రంథంలో అదే మనిషి ఇష్బోషెతు. ‘బోషెత్’ అంటే సిగ్గు. లేఖకులు కావాలనే మార్చారని చాలామంది పండితుల అభిప్రాయం. ఎష్బయలు అన్న పేరు ఆ కాలంలో నిజంగానే ఉండేది. ఇజ్రాయెల్‌లోని ఖిర్బెత్ కెయాఫాలో 2012లో దొరికిన, సుమారు 3,000 ఏళ్లనాటి కుండ మీద అది చెక్కి ఉంది. అయితే ఆ కుండ మీది మనిషి సౌలు కొడుకు కాడు, బేదా కొడుకు.

ఆడవారి పేర్లలో ప్రకృతి ఎక్కువ. రాహేలు ఆడగొర్రె, దెబోరా తేనెటీగ, యాయేలు కొండమేక, తామారు ఖర్జూర చెట్టు.

బైబిలు కథలు చెప్పే వ్యుత్పత్తులను మాత్రం నిఘంటువులా చదవకూడదు. నీటిలోంచి తీసినందుకు మోషే అన్నారని నిర్గమకాండం చెబుతుంది. హీబ్రూలో ‘మాషా’ అంటే తీయడం. పేరు పెట్టింది ఫరో కుమార్తె. ఆమె ఈజిప్టు భాషలో ‘పుట్టినవాడు’ అనే అర్థమిచ్చే మాటే ఈ పేరుకు మూలమని, తుత్మోసు వంటి పేర్లలోనూ అదే ఉందని ఎక్కువమంది భావిస్తారు. రాహేలు చనిపోతూ కొడుకుకు బెనోని, ‘నా దుఃఖపు బిడ్డ’, అని పేరు పెడితే, తండ్రి బెన్యామీను, ‘కుడిచేతి బిడ్డ’, అని మార్చాడు. తూర్పుకు తిరిగి నిలబడితే కుడివైపు దక్షిణం, అందుకే హీబ్రూలో ‘కుడి’ అన్న మాటకు దక్షిణమనీ అర్థం. సంస్కృతంలో దక్షిణమన్నా ఈ రెండర్థాలే. బెన్యామీను గోత్రపు నేల ఎఫ్రాయిముకు దక్షిణాన ఉంది. అంటే ముందు ‘దక్షిణాదివారు’ అన్న పేరుండి, కథ దాని చుట్టూ అల్లుకుని ఉండవచ్చు.

వంశనామాల్లోనూ మనుషులు, నేల కలిసిపోతారు. యెహోషువ గ్రంథం మనష్షే గోత్రపు వంశాలుగా అబియెజెరును, షెమీదాను చెబుతుంది. హోగ్లా, నోయా ఆ గోత్రంలోనే సెలోపెహాదు కూతుళ్లు. ఇశ్రాయేలు పాత రాజధాని షోమ్రోనులో 1910లో తవ్విన క్రీ.పూ. 8వ శతాబ్దపు కుండ పెంకులు పాత ద్రాక్షారసం, నూనె లెక్కలు. వాటిలో ఈ నాలుగు పేర్లూ ఉన్నాయి, సరుకు వచ్చిన ప్రాంతాల పేర్లుగా.