దాచు, భద్రపరచు

అనువాదాల గురించి రాయడమంటే నవలల గురించే రాస్తాం. ఈసారి నేను చదివింది మెనూలు.

రిటైరయ్యాక అమ్మ తన చిన్ననాటి సంగతులు టైప్ చేసుకుంటోంది. లైనక్స్ లాప్‌టాప్‌లో లిబ్రెఆఫీస్‌కి తెలుగు లాంగ్వేజ్ ప్యాక్ విడిగా దించి, ఆప్షన్స్‌లో యూజర్ ఇంటర్‌ఫేస్ మార్చి, మళ్ళీ తెరిచాను. తెలుగు మెనూల్లో సేవ్‌కి తరచూ కనిపించే మాట 'భద్రపరచు'. "దాచు అంటే పోయేదిగా, ఇంత బరువు మాటెందుకురా?" అంది అమ్మ.

నాకూ మొదట అంతే అనిపించింది. కానీ స్ప్రెడ్‌షీట్‌లో కాలమ్ కనపడకుండా చేసే కమాండ్ కూడా ఉంది. దాన్నేమనాలి? మన 'దాచు' రెండు పనులూ చేస్తుంది. డబ్బు దాచుకుంటాం, నిజం దాచేస్తాం. వాక్యంలో అర్థం ఇట్టే తేలిపోతుంది. మెనూలో వాక్యమే ఉండదు. అనువాదకుల చేతికి కూడా చాలాసార్లు విడి ముక్కే వస్తుంది. అందుకని 'భద్రపరచు'ని క్షమించేశాను.

నాకు మింగుడుపడనిది అనువాదం కాదు, అమరిక. మెనూలు తెలుగైతే డాక్యుమెంట్ తెలుగైపోదు, దాని భాష వేరే సెట్టింగ్. అక్కడ మూడు పెట్టెలు: పాశ్చాత్య, ఆసియా, కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్. ఆసియా అంటే చైనీస్, జపనీస్, కొరియన్. తెలుగు మూడోదాంట్లో, అరబిక్, హీబ్రూల సరసన. ఒత్తులూ గుణింతాలూ తెరమీద కూర్చడం కష్టమేనని ఇంజనీరుగా ఒప్పుకుంటాను. ఆ కష్టం ప్రోగ్రామర్ది. భాష వెతుక్కునే మనిషికి దాని పేరెందుకు చూపించాలి?

అమ్మకి ఆ పేజీ చూపించలేదు. నేనే తెలుగు ఎంచుకుని, ఓకే నొక్కి, లాప్‌టాప్ ఇచ్చేశాను.