వాల్వు మారిస్తే మారేదేమిటి?

ఆంప్లిఫైయర్‌లో కొత్తగా తెచ్చిన వాల్వు పెట్టి ‘మాయాబజార్’ పాటలు వింటుంటే ఘంటసాల కాస్త ఎడమ పక్కకి జరిగి పాడుతున్నాడు. 1957 నాటి సినిమా, మోనో రికార్డింగు. రెండు చెవుల్లోకీ వెళ్లేది ఒకటే శబ్దం కాబట్టి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే గొంతు తల నడిమధ్యన, ముక్కుకి సూటిగా నిలబడాలి. పక్కకి జరిగిందంటే లోపం వాల్వుది. నా ఆంప్లిఫైయర్‌లో ముందుండేది ఒకే ఒక్క 6ఎస్ఎన్7. ఆ గాజుబుడ్డిలో రెండు ట్రయోడ్లుంటాయి, ఒకటి కుడి చెవికి, ఒకటి ఎడమ చెవికి. రెండూ సరిసమానంగా పనిచేస్తే గాయకుడు మధ్యలో ఉంటాడు. ఒకటి నీరసపడితే రెండోదాని వైపు ఒరుగుతాడు. వాల్వుల్ని పరీక్షించే మీటరు నా దగ్గర లేదు, పాత తెలుగు పాటలున్నాయి. ఇంతవరకూ వాటితోనే నెట్టుకొస్తున్నాను.

వాల్వు ఆంప్లిఫైయర్ కొన్నవాడు దాంతో వచ్చిన వాల్వుతోనే సరిపెట్టుకోవడం అరుదు. అదే నెంబరు వాల్వుని ఇంకో కంపెనీది, ఇంకో దేశానిది, ఇంకో దశాబ్దానిది సంపాదించి, ఉన్నది పీకి, తెచ్చింది గుచ్చి వింటూ ఉంటాడు. ట్యూబ్ రోలింగ్ అంటారు ఈ సరదాని. ట్రాన్సిస్టర్ డబ్బాలో ఇలా కుదరదు, సోల్డరింగ్ ఐరన్ పట్టాల్సిందే. ఇక్కడ సాకెట్ ఉంది కాబట్టి చెయ్యి ఊరుకోదు. చెయ్యి ఊరుకోకపోతే నోరూ ఊరుకోదు. ఫలానా వాల్వు పెట్టాక వీణ మీద వేలు జారడం కూడా వినపడిందనీ, ఫలానాది పెట్టగానే గాయని గదిలోకి వచ్చి కూర్చుందనీ కథలు మొదలవుతాయి. ఏళ్ల తరబడి ఈ పనిలో ఉండి నేను తేల్చుకున్నదేమిటంటే, వాల్వు మారిస్తే శబ్దం మారే మాట నిజమే గాని, ఆ మార్పులో పెద్ద వాటా గాజు మీద అచ్చేసిన పేరుది కాదు.

నా డబ్బాలో ఏముందో చెబితేగాని ఇది తేలదు. ముందు 6ఎస్ఎన్7, దాని వెనక 6ఏఎస్7. మొదటిది సిగ్నల్‌ని పెంచుతుంది, రెండోది హెడ్‌ఫోన్‌ని నడుపుతుంది. ఈ రెండింట్లో ఒక్కటీ హెడ్‌ఫోన్ కోసం పుట్టింది కాదు. 6ఎస్ఎన్7 రేడియోల్లో, టీవీల్లో పనిచేసింది. 1946లో అమెరికాలో లోకానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్‌లో సుమారు 18 వేల వాల్వులుంటే, వాటిలో ఇది ముఖ్యమైన రకం. 6ఏఎస్7కి అసలు సంగీతంతో సంబంధమే లేదు. పవర్ సప్లైలో వోల్టేజీ ఎగుడుదిగుళ్లు లేకుండా కాపలా కాయడానికి చేసిన వాల్వు అది. ఆ కాపలాకి కావలసిన గుణం లోపలి నిరోధం తక్కువగా ఉండటం. ఒక్కో ట్రయోడ్‌కి సుమారు 280 ఓమ్‌లే. మామూలు వాల్వులకి వేలల్లో ఉంటుంది. ఆ గుణమే తర్వాతి కాలంలో హెడ్‌ఫోన్‌కి కలిసొచ్చింది. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేకుండా వాల్వు నుంచి నేరుగా హెడ్‌ఫోన్‌కి దారి పడింది. ఓటీఎల్ అని పిలిచే ఈ పద్ధతిని 1950లలో జూలియస్ ఫట్టర్‌మన్ అనే అమెరికన్ స్పీకర్ల కోసం తయారుచేశాడు. 8 ఓమ్‌ల స్పీకర్‌ని అలా నడపాలంటే బుడ్డీలు వరసగా పేర్చాలి. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి ఒక్కటి చాలు.

ఆ 300 దగ్గరే ఉంది కిటుకంతా. నేను వాడేది సెన్‌హైజర్ హెచ్‌డీ 600, 1997లో వచ్చిన మోడల్. దాని ఇంపెడెన్స్ 300 ఓమ్‌లని అట్ట మీద రాసినా అన్ని స్వరాల దగ్గరా అంతే ఉండదు. 100 హెర్ట్జ్ చుట్టుపక్కల, దాదాపుగా మృదంగం తొప్పి మోగే ప్రాంతంలో, 500 దాకా లేస్తుంది. ఆంప్లిఫైయర్ సొంత ఇంపెడెన్స్ సున్నాకి దగ్గరగా ఉంటే ఇది లెక్కలోకి రాదు. మంచి ట్రాన్సిస్టర్ డబ్బాలన్నీ అలాగే ఉంటాయి. ఓటీఎల్‌కి మాత్రం పదుల ఓమ్‌లుంటాయి, ఒక్కోదానికి వంద కూడా. వంద అనుకుని లెక్క కడితే ఆ ప్రాంతంలో బాస్ ఇంచుమించు ఒక డెసిబెల్ పైకి తేలుతుంది. చెవికి తెలిసీ తెలియనంత. వాల్వు వెచ్చదనం అని మనం మురిసిపోయేదాంట్లో ఈ డెసిబెల్ వాటా తక్కువేం కాదు. అదే సాకెట్‌లో 6ఏఎస్7 బదులు 5998 అనే వాల్వు పెడితే ఆంప్లిఫైయర్ ఇంపెడెన్స్ తగ్గి బాస్ బిగుస్తుంది. ఇది చెవికి అందే మార్పు, కారణం కాగితం మీద వేసి చూపించగల మార్పు. ఈ మార్పుకి డబ్బు పెట్టేవాళ్లని నేను తప్పుపట్టను.

ఈ డబ్బాకి 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్ తగిలిస్తే కథ అడ్డం తిరుగుతుంది. హెడ్‌ఫోన్‌కి ముందు డీసీని ఆపడానికి ఒక కెపాసిటర్ ఉంటుంది. అది 100 మైక్రోఫారాడ్లదైతే, 300 ఓమ్‌లకి 5 హెర్ట్జ్ దాకా దిగే బాస్ 32 ఓమ్‌లకి 50 దగ్గరే జారిపోతుంది. బాస్ రావడం లేదని వాల్వు మీద వాల్వు కొంటూ పోయేవాళ్లున్నారు. వాళ్లు మార్చాల్సింది హెడ్‌ఫోన్‌ని.

ఇక డిస్టార్షన్. ఏ ఆంప్లిఫైయరైనా లోపలికొచ్చిన స్వరానికి తనదంటూ కొంత కలుపుతుంది. ట్రయోడ్ ఒంటరిగా పనిచేసేటప్పుడు కలిపేదాంట్లో అగ్రభాగం రెండో హార్మోనిక్‌ది. అంటే మూలస్వరానికి సరిగ్గా రెట్టింపు. మధ్య షడ్జం పలికితే దాని మీద తార షడ్జం సన్నగా తోడొస్తుంది. మూడోది తారస్థాయి పంచమం. ఐదోది ఇంకా పైనున్న అంతర గాంధారం. బాగా శ్రుతి చేసిన తంబురాలో ఎవరూ మీటకుండా వినిపించే గాంధారం ఇదే. ఏడో హార్మోనిక్ దగ్గరికి వచ్చేసరికి పొత్తు చెడుతుంది. కైశికి నిషాదానికి దగ్గరగా వచ్చి, దానికంటే కాస్త కిందే ఆగిపోతుంది. ట్రయోడ్ కలిపేది ఎక్కువగా మొదటి మెట్ల మీదే కాబట్టి, దాని తప్పు కూడా శ్రుతిలోనే ఉంటుంది.

అయితే ఇది ఒంటరి గొంతుకి, ఒంటరి వాద్యానికి మాత్రమే అలంకారం. పాతిక వయొలిన్లు ఒక్కసారే మోగితే స్వరాల మధ్య కూడికలూ తీసివేతలూ జరిగి, ఎవరూ వాయించని శబ్దాలు కొన్ని పుడతాయి. అప్పుడంతా కలగాపులగమే. అందుకని ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గాత్రానికీ, చిట్టిబాబు వీణకీ వాల్వు డబ్బా, ఇళయరాజా వయొలిన్లకి ట్రాన్సిస్టర్ డబ్బా అని మా ఇంట్లో పంపకం జరిగిపోయింది. వాల్వుల వీరాభిమానులకి ఈ పంపకం నచ్చదు. నచ్చకపోనీ.

సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చాడు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు, దేన్నీ ఊరికే నమ్మే రకం కాదు.

“మావయ్యా, ఈ రెండు వాల్వులూ ఒకలాగే ఉన్నాయి కదా, ఇదొక్కటే నాలుగు రెట్లు ధర ఎందుకు?”

“అమెరికాదిరా అది, సిల్వేనియా. ఇది సోవియట్‌ది.”

“కళ్లు మూసుకుని చెప్పు చూద్దాం.”

సరేనన్నాను. డబ్బాని నా వెనక పెట్టి, ఏది గుచ్చుతున్నాడో నాకు కనపడకుండా తువ్వాలు అడ్డం కట్టాడు. వాల్వుకీ వాల్వుకీ పెంచే మోతాదులో కొద్దిపాటి తేడా ఉంటుంది, కాస్త గట్టిగా మోగిందే మేలైనదని చెవి తీర్పు చెప్పేస్తుంది. అందుకని ప్రతిసారీ ఒకే స్వరాన్ని మోగించి, మల్టీమీటర్‌తో వోల్టేజీ కొలిచి, వాల్యూమ్ సమం చేసేవాడు. ఈ ఒక్క పనితోనే సగం తేడాలు మాయమైపోయాయి. ఇంకో చిక్కు కాలంతో. వాల్వు చల్లారాలి, మార్చాలి, కొత్తది వేడెక్కి కుదురుకోవాలి. ఈలోపు చెవి ఇందాకటి శబ్దాన్ని మరిచిపోతుంది, మనసు మాత్రం ఇందాకటి ధరని మరిచిపోదు. ధర తెలియకుండా వింటే సిల్వేనియాకీ, ఆ సోవియట్ 6ఎన్8ఎస్‌కీ తేడా నేను నిలకడగా చెప్పలేకపోయాను. మూడోది, అచ్చు చెరిగిపోయి ఏ కంపెనీదో తెలియనిది, పెట్టిన ప్రతిసారీ పట్టేశాను. లోపలి గ్రిడ్ వదులైనట్టుంది, బల్ల మీద గ్లాసు పెడితే చాలు, హెడ్‌ఫోన్‌లో టింగుమనేది. మైక్రోఫోనిక్ అంటారు అలాంటివాటిని. మేనల్లుడు దాన్ని లెక్కలోంచి కొట్టేశాడు.

పేరుని నమ్మకపోవడానికి ఇంకో కారణం ఉంది. వాల్వుల కాలంలో కంపెనీలు ఒకదాని దగ్గర ఒకటి సరుకు కొని తమ ముద్ర కొట్టుకునేవి. ఫిలిప్స్ కుటుంబంలో ఇంగ్లండ్‌లో మల్లార్డ్, జర్మనీలో వాల్వో, అమెరికాలో ఆంపెరెక్స్ ఉండేవి. పైన ఏ పేరున్నా, గాజు అడుగున సన్నగా చెక్కిన సంకేతం ఏ కార్ఖానాలో తయారైందో చెబుతుంది. త్రికోణం ఉంటే హాలండ్‌లోని హేర్లెన్, ‘బీ’ అక్షరం ఉంటే ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్. టెలిఫుంకెన్ తన చిన్న వాల్వుల అడుగున, పిన్నుల మధ్య, గాజులోనే డైమండ్ గుర్తు ఒత్తేది. పైన అచ్చు చెరిపి ఖరీదైన పేరు వేసి అమ్మేవాళ్లకి ఇలాంటి గుర్తులే ఇబ్బంది. నేనైతే ముందు బుడ్డి లోపల వెండి రంగులో మెరిసే పూత చూస్తాను. బేరియం పూత అది, లోపల మిగిలిన గాలిని పీల్చేయడానికి. అది పాలలా తెల్లబడిందంటే గాజు ఎక్కడో పగిలి గాలి దూరింది, వాల్వు పోయినట్టే. తర్వాత ప్లేట్ల ఆకారం, మైకా రేకులు. ఇవన్నీ చూశాకే పేరు.

మన దేశంలోనూ వాల్వులు తయారయ్యాయి. 1954లో బెంగళూరులో పెట్టిన భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) 1960లలో రేడియో వాల్వులు చేసింది. బీఈఎల్ ముద్రతో ఈసీసీ83లు, ఈఎల్84లు ఇప్పటికీ పాత మైక్‌సెట్ షాపుల అటకల మీద, హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలాంటి చోట్ల అడపాదడపా తేలుతుంటాయి. నా డబ్బాలో కూర్చోవుగాని, ఈసీసీ83 కోసం చేసిన డబ్బా ఉన్నవాళ్లకి చూడగానే కొనమని చెబుతాను. విదేశీ పేరు లేకపోవడం వల్ల వాటి మీద పిచ్చి ధర లేదు. అటకల మీది సరుకు కాక ఇప్పుడు లోకానికి ప్రధానంగా దిక్కు రష్యాలోని సరాటోవ్, స్లొవేకియా, చైనా కార్ఖానాలు. 2022 మార్చిలో రష్యా నుంచి ఎగుమతులు ఆగిపోతాయన్న వార్త రాగానే వాల్వు ఆంప్లిఫైయర్లతో గిటారు వాయించేవాళ్లూ మేమూ ఒక్కసారే బెంబేలెత్తాం.

సాకెట్‌లో పట్టిన ప్రతిదీ పెట్టేయకూడదు. 12ఎస్ఎన్7 చూడటానికి అచ్చం 6ఎస్ఎన్7, హీటర్‌కి మాత్రం 12.6 వోల్టులు కావాలి. 6.3 ఇస్తే మూలుగుతుంది. తొమ్మిది పిన్నుల సాకెట్‌లో ఇంకా ప్రమాదం. 12ఏఎక్స్7కి నాలుగో పిన్నుకీ ఐదో పిన్నుకీ మధ్య 12.6 వోల్టులిచ్చే డబ్బాలో 6డీజే8 గుచ్చితే దాని హీటర్‌కి రెట్టింపు పడి మాడిపోతుంది. 6ఎస్ఎన్7 లాంటివాటిని తీసేటప్పుడు గాజుని కాదు, కింద నల్లటి బేకలైట్ దిమ్మని పట్టుకోవాలి. కొంచెం కొంచెంగా అటూ ఇటూ ఊపుతూ లాగాలి. స్విచ్ కట్టేసి చల్లారనివ్వాలని వేరే చెప్పక్కర్లేదు. డబ్బా అడుగు విప్పే ఆలోచన మాత్రం చెయ్యొద్దు, ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో వందల వోల్టులు కాచుకుని ఉంటాయి.

ఇదంతా చలికాలపు వైభోగం. 6ఏఎస్7 హీటర్ 6.3 వోల్టుల దగ్గర 2.5 ఆంపియర్లు తాగుతుంది. దాదాపు 16 వాట్లు, అదీ వాల్వుని ఎర్రగా ఉంచడానికే. విజయవాడలో ఏప్రిల్ దాటాక దాని పక్కన ఎవరు కూర్చుంటారు? ఫ్యాను వేసుకుంటే, హెచ్‌డీ 600 వెనక తెరిచి ఉండే రకం గనక, ఫ్యాను చప్పుడంతా పాటలోకి వస్తుంది. కరెంటు పోతే మా పాత ఇన్వర్టర్ ఇచ్చే చదరపు తరంగానికి ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంది. వచ్చిన కరెంటు అర్ధరాత్రి దాటాక 255 వోల్టులు చూపిస్తుంది, హీటర్ ఓర్చుకునేది పది శాతం దాకానే. అందుకే ఇంట్లో ఉన్న ఒక్క స్టెబిలైజర్‌ని ఫ్రిజ్ దగ్గర్నుంచి దీని దగ్గరికి మార్చాను. ఆ రోజు నుంచి మా ఆవిడ దీన్ని సవతి అంటోంది. మే నెలలో అయితే, “ఏవండీ, ముందు ఆ పొయ్యి ఆర్పండి” అంటుంది, నేనూ వాదించను. తొలకరి పడేదాకా ట్రాన్సిస్టర్ డబ్బాతోనే కాలక్షేపం. ఈలోగా వాల్వుల పిన్నులు తుడవాలి, వదులైన సాకెట్లు మార్పించాలి. పింగాణీ సాకెట్లు గుజరాతీ గల్లీలో ఉన్నాయని ఒకాయన చెప్పాడు. 5998 కోసం పక్కన పెట్టిన డబ్బులో కొంత వాటికే పోతుంది.