దింపుడు కల్లం నుంచి నల్లా దాకా

పాత పాలమూరు జిల్లా ఉప్పునుంతల వైపు పల్లెల్లో శ్మశానానికి ముసలివాళ్ల నోట ఇప్పటికీ వచ్చే మాట ‘బొందలగడ్డ’. కమాను మీద రంగుతో రాసే పేరు మాత్రం ‘వైకుంఠధామం’. భూమి ఉన్న కుటుంబాలు తమవాళ్లను సొంత చెల్కలో ఒక మూలన కాల్చుకుని, అక్కడే గోరీ కట్టుకునేవి. గుంటెడు జాగ లేనివాళ్లకు వాగు ఒడ్డే దిక్కు. వానాకాలం దుందుభి వాగు పారితే ఆ ఒడ్డూ ఉండదు. తడిసిన కట్టెల మీద కిరోసిన్ పోసి, పాత టైర్లు వేసి, మంట అందుకునేదాకా వానలో నిలబడ్డ కొడుకుల అవస్థ పల్లెల్లో చాలామంది కళ్లారా చూసినదే.

2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి పనులు మొదలైనప్పుడు, ప్రతి గ్రామ పంచాయతీకీ ఒక వైకుంఠధామం ఉండాలని తెలంగాణ ప్రభుత్వం తలపెట్టింది. కట్టడానికి ఉపాధి హామీ నిధులు వాడారు. రాష్ట్రంలో అప్పటికి పన్నెండు వేలకు పైగా పంచాయతీలున్నాయి. నమూనా దాదాపు అంతటా ఒకటే. ప్రహరీ, దింపుడు కల్లం గద్దె, దహన వేదికలు, కూర్చునే షెడ్డు, ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరువేరు స్నానపు గదులు, నీళ్లు. కాగితం మీద ఇది ఇంజినీరు ప్లాను. పాడె వెనుక నడిచినవాళ్లకు మాత్రం, తరాల తంతులో ఒక్కో మజిలీకి ఒక్కో చోటు కట్టినట్టు తెలుస్తుంది.

పాడెను కాటి దాకా ఏకబిగిన మోసుకుపోరు. దారిలో ‘దింపుడు కల్లం’ అనే చోట దించుతారు. డప్పు ఆగుతుంది. అయినవాళ్లు వంగి, చెవి దగ్గర ‘నాయనా’ అనో ‘అవ్వా’ అనో మూడుసార్లు పిలుస్తారు. పోయిన ప్రాణం తిరిగొస్తుందేమోనని చివరిసారి ఎదురుచూస్తారు. ‘దింపుడు కల్లం ఆశ’ అన్న నానుడి పుట్టింది ఇక్కడే. డాక్టరు అందుబాటులో లేని రోజుల్లో ఇది నిజమైన పరీక్ష కూడా అయి ఉంటుందని నా నమ్మకం. ఇంతకుముందు ఏ చెట్టు కిందో మట్టి నేల మీద జరిగిన ఈ పనికి ఇప్పుడొక గద్దె ఉంది. మొత్తం కట్టడంలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. సర్కారు అంచనాల పట్టికలో ఒక ఆశకు జాగ దొరికింది.

ఇక వేదిక. కాష్టం తెగకుండా మండాలంటే కింద గాలి ఆడాలి, కట్టెలు పక్కకు జారకూడదు. అందుకే ఇరువైపులా ఇనుప కడ్డీలు నిలబెడతారు. ఉత్త కాంక్రీటు ఆ వేడికి పెచ్చులూడుతుంది కాబట్టి, మంట తగిలే చోట మందంగా మట్టి పరచడమో మంటకు ఆగే ఇటుక పేర్చడమో చెయ్యాలి. పైరేకులు బాగా ఎత్తున ఉండి, పక్కలు తెరిచి ఉంటేనే పొగ పోతుంది. తల దక్షిణానికి, అంటే యముడి దిక్కుకు పెడతారు. అందువల్ల వేదికను ఉత్తర దక్షిణాలుగా కట్టాలి. కొడుకు నీళ్ల కుండ భుజాన పెట్టుకుని మూడు చుట్లు తిరుగుతాడు. చుట్టుకో చిల్లు పొడుస్తారు, ధార పడుతుంది, చివరికి వెనక్కి తిరగకుండా కుండను జారవిడుస్తాడు. దేహం ఓటికుండ అని చెప్పడానికి ఇంతకంటే తేట గుర్తు ఉండదు. వేదికను గోడకు ఆనించి కడితే ఆ మూడు చుట్లు సాగవు. కొలతలు గీసేవాళ్లు ఈ సంగతి మరవకూడదు.

‘హరిశ్చంద్ర’ నాటకం కాటి సీనులో కవి జాషువా రాసిన శ్మశాన పద్యాలు పాడుతుంటే మన పల్లెలు తెల్లవార్లూ మేలుకుని విన్నాయి. కాటిలో రాజూ పేదా ఒక్కటేనన్న మాటకు కళ్లు తుడుచుకున్నాయి. అయినా చాలా ఊళ్లలో కులానికో బొందలగడ్డ మిగిలింది. ఊరందరికీ ఒకే వేదిక అన్న ఏర్పాటు విలువ అక్కడ తెలుస్తుంది. ఆ వేదిక మీదికి ఎవరి పాడె రావాలన్నా అడ్డు చెప్పేవాళ్లు ఉండకూడదు. గోడలు కట్టినంత మాత్రాన ఆ పని పూర్తయినట్టు కాదు.

నమూనాలో నాకు కనిపించే పెద్ద లోటు వేరే ఉంది. అది దహనాన్నే లెక్కలోకి తీసుకుంది. లింగాయతులు దేహాన్ని కూర్చోబెట్టి పూడ్చుతారు. దళిత కుటుంబాల్లో చాలామంది పూడ్చేవాళ్లే. పసిబిడ్డలను ఎవరూ కాల్చరు. వీళ్లందరికీ కావలసింది మెత్తటి మన్ను, గోరీకి కాస్త జాగ. పూడ్చి రాయి నిలపడం ఈ నేలకు కొత్త కాదు. పాత పాలమూరు జిల్లాలోనే, కృష్ణ ఒడ్డున ముడుమాల్‌లో ఇనుప యుగపు నిలువురాళ్లు మనిషికి రెండింతల ఎత్తున నిలబడి ఉన్నాయి. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. ఇక చెట్ల సంగతి. స్వీడన్‌లో స్టాక్‌హోమ్ అడవి శ్మశానం 1994లోనే ప్రపంచ వారసత్వ స్థలమైంది. అక్కడి వాస్తుశిల్పులు ఉన్న పైన్ చెట్లను ఉంచి, వాటి నడుమనే సమాధులకు చోటు చూశారు. మన ధామాల్లో చాలాచోట్ల ముందు నేలంతా చదును చేసి, తర్వాత మొక్కలు నాటారు. ఉన్న వేపచెట్టునో చింతచెట్టునో వదిలేసి గోడ కడితే, మోసి అలసినవాళ్లకు షెడ్డు కంటే అదే చల్లగా ఉండేది.

చితి అంటుకున్నాక అందరూ నల్లా దగ్గరికి వస్తారు. కాడుకు వచ్చినవాళ్లు స్నానం చెయ్యకుండా ఇంట్లో అడుగుపెట్టరు. తల్లినో పెనిమిటినో సాగనంపడానికి కాటి దాకా వచ్చిన ఆడవాళ్లు ఒకప్పుడు తడిబట్టలతోనే ఊరు నడవాల్సి వచ్చేది. ఇప్పుడు వాళ్లకు తలుపున్న గది ఉంది. ఆ గదిలో నల్లా తిప్పితే నీళ్లు రావాలి. బోరు మోటారు కాలిపోయినా, కరెంటు బిల్లు కట్టకపోయినా మళ్లీ వాగు దారే. పంచాయతీ పెద్దలు చావు కబురు అందాక కాదు, నెలకోసారి పోయి ఆ నల్లా తిప్పి చూడాలి.