అలిగిన తల్లులు, మారే కాలాలు

రుతువులు ఎందుకు మారతాయని అడిగితే బడిపిల్లలు కూడా చెప్పేస్తారు: భూమి 23.5 డిగ్రీలు ఒరిగి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి. ఆ జవాబులో తప్పేమీ లేదు. అయితే ఒరిగిన భూమి ఎవరి మీదా అలగదు, బతిమాలితే నిటారుగా నిలబడదు. ప్రాచీన గ్రీకుల రుతువుల కథ మొత్తం ఒక తల్లి అలక మీదే నడుస్తుంది. తెలంగాణ ఆడవాళ్లు ఏటా బతుకమ్మ పండుగలో పూలతో చెప్పే కథలోనూ అలకకు ఒక రోజు కేటాయించి ఉంది. ఈ రెండూ సైన్సు రానివాళ్ల ఊహాగానాలని కొట్టిపారేసే ముందు, వీటి పనితనం కాస్త చూడాలి.

గ్రీకుల పంటల తల్లి డిమీటర్. ఆమె కూతురు పెర్సెఫొనీ చెలికత్తెలతో పూలు కోస్తూ ఒక నార్సిసస్ పువ్వు కోసం చేయి చాచింది. నేల నోరు తెరిచింది. పాతాళాన్నేలే హేడీస్ రథమెక్కి వచ్చి ఆమెను ఎత్తుకుపోయాడు. పిల్ల తండ్రి జ్యూస్ ఈ పెళ్లికి ముందే ఒప్పేసుకున్నాడు. తల్లిని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. డిమీటర్ తొమ్మిది రోజులు తిండీ స్నానం మాని, దివిటీలు పట్టుకుని తిరిగింది. (తొమ్మిది కనబడగానే బతుకమ్మతో చుట్టరికం కలిపేయకండి, ఆ అంకె అన్ని దేశాల కథల్లోనూ తిరుగుతూ ఉంటుంది.) సంగతి తెలిశాక దేవలోకం వదిలి, ముసలమ్మ వేషంలో ఎలూసిస్ ఊరి బావి దగ్గర చతికిలబడింది. ఆ ఊరివాళ్ల చేత గుడి కట్టించుకుని, అందులోంచి కదలనంది. చల్లిన గింజ మొలవడం మానేసింది. మనుషులే చచ్చిపోతే దేవతలకు నైవేద్యాలు పెట్టేదెవరు? పిడుగుల దేవుడు జ్యూస్ అప్పుడు దిగొచ్చాడు. కూతురు తిరిగొచ్చింది. కానీ అక్కడ ఒక దానిమ్మ గింజ తిని వచ్చింది కాబట్టి ఏడాదిలో మూడోవంతు పాతాళంలో, మిగతా కాలం తల్లి దగ్గర అని రాజీ కుదిరింది. రోమన్ కవి ఓవిడ్ 'మెటమార్ఫసిస్'కు వచ్చేసరికి గింజలు ఏడయ్యాయి, ఏడాది సగం సగమైంది.

ఈ కథను నిండుగా చెప్పే గ్రీకు స్తోత్రం దాదాపు క్రీస్తుపూర్వం ఏడో, ఆరో శతాబ్దాల నాటిది. మనకు దక్కింది ఒకే ఒక్క రాతప్రతి, అదీ 1777లో మాస్కోలో బయటపడింది. అందులోని నేర్పు ఏమిటంటే, ఎండకూ చలికీ చెరొక దేవుణ్ణి కుదిర్చి చేతులు దులుపుకోలేదు. కాలం మారడాన్ని పెళ్లి తగాదాగా మార్చింది. తగాదాలో ఒకరి మాట నెగ్గదు, ఇద్దరూ కొంత వదులుకుంటారు. ఏటేటా కాలం తిరిగి రావాలంటే కథ అలాగే తెగీ తెగకుండా ఉండాలి.

పెర్సెఫొనీ లేని ఆ మూడోవంతు ఏ కాలం? చలికాలమని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. కానీ ఏథెన్సు చుట్టుపక్కల విత్తేది అక్టోబరు, నవంబరు నెలల్లో, కోసేది మే, జూన్‌లలో. చలికాలంలో చేలు పచ్చగా ఉంటాయి. నేల బీడుగా ఎండిపోయేది నడివేసవిలోనే. ఆ నెలల్లో విత్తనాల ధాన్యం నేలలోని పాతరలో ఉంటుంది. పాతాళంలోని కూతురు పాతరలోని విత్తనమేనని కార్న్‌ఫర్డ్, నిల్సన్ వంటి పండితులు వాదించారు. స్తోత్రమేమో ఆమె వసంతపు పూలతో పైకొస్తుందంటుంది కాబట్టి వాదం తెగలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని విన్న మనకు మాత్రం వేసవి వాదమే చప్పున ఎక్కుతుంది. చచ్చిన కాలమంటే మనకు మంచు గుర్తురాదు, నెర్రెలిచ్చిన చెరువు గుర్తొస్తుంది.

మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాక, ఆషాఢంలో, మన దగ్గరా ఒక కూతురు పుట్టింటికి వస్తుంది. బోనాల వెనకున్న నమ్మకం అదే: ఆ నెలంతా అమ్మవారు పుట్టింట్లో ఉంటుంది. ఆమెకు కుండలో అన్నం వండి, వేపాకు కట్టి, పైన దీపం పెట్టి తెస్తారు. మొదటి బోనం గోల్కొండలో, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళికి, ఆపైన లాల్‌దర్వాజలో. సికింద్రాబాద్‌లో మర్నాడు రంగం. పచ్చికుండ మీద నిలబడ్డ స్త్రీ నోట అమ్మ భవిష్యవాణి పలుకుతుంది. వానలు ఎలా ఉంటాయి, పంటలు ఎలా పండుతాయి అని జనం చెవులు రిక్కిస్తారు. మరిచారనుకుంటే అమ్మ నిష్ఠూరమూ ఆడుతుంది. కొత్తకోడళ్లూ అదే నెలలో పుట్టింటికి వస్తారు. ఇంటి ఆచారం, దేవత కథ ఒకే దారిన నడుస్తాయి. అందుకే ఎవరూ వ్యాఖ్యానం చెప్పాల్సిన పని పడదు.

బతుకమ్మ దగ్గర ఈ కళ ఇంకా చిక్కబడుతుంది. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై, తొమ్మిదో రోజు సద్దులతో ముగుస్తుంది. పూలు పేర్చడం చేయి తిరిగితేగాని రాదు. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు వరుసల్లో, తలలు బయటికి, కాడలు లోపలికి వచ్చేలా పేరుస్తారు. మధ్య బోలును ఆకులతో కూరుతూ పోతారు, లేకపోతే నాలుగో వరుసకే గోపురం కూలుతుంది. తెల్ల గునుగుకు రంగులద్దుతారు. పైన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. వీటిలో చాలా పూలు తోటమాలి పెంచినవి కావు. గునుగు చేలలో కలుపు, తంగేడు బీళ్ల మీది పొద. వాన బాగా పడిన ఏడాది అవి చేతినిండా దొరుకుతాయి, వాన ముఖం చాటేస్తే దొరకవు. కాబట్టి బతుకమ్మ ఎత్తు ఆ ఏటి వాన లెక్క కూడా.

కథలు ఒక్కటి కాదు, చాలా ఉన్నాయి. ఒకదాంట్లో ఏడుగురు అన్నల గారాల చెల్లెలు వదినల పోరు పడలేక కనబడకుండా పోయి, చివరికి పువ్వై తిరిగి దొరుకుతుంది. పెర్సెఫొనీ పువ్వు కోయబోయి నేలలోకి పోయింది, మన ఆడబిడ్డ పోయి పువ్వై వచ్చింది. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం ఆరో రోజు, అలిగిన బతుకమ్మ. రోజుకొక నైవేద్యం వండే పండుగలో ఆ రోజు నైవేద్యం ఉండదు. గ్రీకు స్త్రీలు విత్తే కాలానికి ముందు డిమీటర్ కోసం చేసే మూడు రోజుల థెస్మోఫోరియాలో కూడా నడిమి రోజు పస్తు. మగవాళ్లకు అందులో చోటు లేదు. అంతకుముందు గోతుల్లో పడేసిన పందిపిల్లల అవశేషాలను పైకి తీసి, విత్తనాల్లో కలిపేవాళ్లు. అమ్మ కోపాన్ని కథలో వినడం ఒక ఎత్తు, ఒక పూట పొయ్యి మీద ఏమీ పెట్టకుండా ఆ కోపాన్ని ఇంట్లో ఉంచుకోవడం ఇంకో ఎత్తు. ఈ సంప్రదాయాల బలమంతా ఆ రెండో దాంట్లో ఉంది.

అలాంటి నమ్మకం మతం మారినా పోదనడానికి ఎలూసిస్సే సాక్ష్యం. నాలుగో శతాబ్దం చివర గుడి మూతపడింది. ఊరు క్రైస్తవమైంది. అయినా పొలాల దగ్గర సగం పూడిన ఒక రాతి స్త్రీ విగ్రహాన్ని జనం సెయింట్ డెమెట్రా అని కొలుస్తూ, పంట కోసం దాని చుట్టూ పేడ ఎరువు పోసేవారు. 1801లో క్లార్క్ అనే ఆంగ్లేయుడు పై అధికారుల అనుమతి సంపాదించి విగ్రహాన్ని తరలించబోతే, పంట పోతుందని ఊరు అడ్డం తిరిగింది. ఒక ఎద్దు కాడి విడిపించుకుని వచ్చి రాతిని కుమ్మి పరుగెత్తిందని క్లార్కే రాసుకున్నాడు. విగ్రహం ఎక్కిన ఓడ ఇంగ్లండు తీరంలో మునిగింది. రాయిని మాత్రం బయటికి తీసి కేంబ్రిడ్జి చేర్చారు, ఇప్పటికీ అక్కడే ఉంది. ఇవాళ ఎలూసిస్ చమురు శుద్ధి కర్మాగారాల పట్నం.

హైదరాబాద్‌లోని మదీనాగూడ కథా దానికి మరీ దూరం కాదు. ముంబయి హైవే మీద, మియాపూర్‌కూ చందానగర్‌కూ నడుమ, ఐటీ ఉద్యోగుల అపార్ట్‌మెంట్లతో నిండిన చోటు. ఈర్ల చెరువు ఉంది, 2024లో ప్రభుత్వ సంస్థ హైడ్రా చెరువుల ఆక్రమణల మీద కదిలినప్పుడు దాని పేరు వార్తల్లోకెక్కింది. ఈ చుట్టుపక్కల గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు చాలానే ఉంటాయి. సంక్రాంతికి గొబ్బెమ్మలు పెట్టిన చేతులే ఇక్కడ దసరాకు గునుగు పేర్చడం నేర్చుకుంటాయి. పూలు చేనునుంచి కాక, కట్టల లెక్కన రోడ్డు పక్కన దొరుకుతాయి. సెల్లారులో ఆడి, చివరి రోజు కొందరు చెరువు ఘాట్ దాకా వెళ్తారు, కొందరు నీళ్ల టబ్బులో వదిలేస్తారు. టబ్బును వెక్కిరించాలనిపించదు నాకు. కానీ తేడా ఉంది: టబ్బుకు వానతో పని లేదు. నిండిన చెరువు కావాలని అడిగే పండుగ ఉన్నంతకాలం, ఆ చెరువును అడిగేవాళ్లు కనీసం ఏడాదికొకసారి తాంబాళాలు నెత్తిన పెట్టుకుని గట్టు మీదికి వస్తారు.